పన్నెండు గడులు

ఆ వేసవి మొదలయ్యేసరికి నా భార్యకు మాట్లాడటానికి మిగిలింది కుడిచేతి బొటనవేలు ఒక్కటే. అది ఆమెకు ఆఖరి వేసవి.

ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసిన మనిషి. ముఖం ఎరగనివాళ్ళు కూడా గొంతు విని గుర్తుపట్టేవాళ్ళు. నరాల జబ్బు ముందు కాళ్ళను పట్టుకుంది, తర్వాత చేతులను, చివరికి నాలుకను. మాట ముద్దగా మారి, నాకు తప్ప ఎవరికీ అర్థంకాని దశలో, ఒక ఆదివారం పొద్దున నాచేత ఒక జాబితా రాయించింది.

నేను హైస్కూల్లో లెక్కలూ కంప్యూటరూ చెబుతాను. ఇంట్లో టీవీకి తగిలించుకునే పాత కంప్యూటరు ఒకటి ఉండేది. దానిలో బేసిక్ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. తెర మీద పన్నెండు గడులు. అవి ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోతాయి. కావలసిన గడి వెలిగినప్పుడు ఆమె బొటనవేలి కింద ఉన్న కాలింగ్ బెల్ బటన్ నొక్కితే, ముందు గదిలో ప్రింటరు ఆ గడి అంకెను కాగితం మీద కొడుతుంది. ఆ యంత్రానికి తెలుగు రాదు, అంకెలే వచ్చు. ఏ అంకెకు ఏ మాటో రాసిన అట్ట ఒకటి ఆమెకు కనబడేట్టు తెర పక్కన పెట్టాను, ఇంకొకటి ప్రింటరు పైన గోడకు కొట్టాను. ప్రింటరు చప్పుడు వంటింట్లోకి కూడా వినబడేది. ఎవరున్నా వెళ్ళి అంకె చూసి, ఆ పని చెయ్యాలి.

నేను నలభై గడులు పెడదామన్నాను.

“నలభై తిరిగొచ్చేసరికి నా ప్రాణం పోతుంది. పన్నెండు చాలు,” అంది.

“మొదటిది నీళ్ళు. అంతేనా?”

“కాదు. రాయండి. లైన్లో ఉండండి.”

“అంటే?”

“అంటే నా దగ్గర కూర్చోమని. ఇన్నేళ్ళూ ఊరందరికీ చెప్పా. ఇప్పుడు మీకు చెప్తున్నా.” నవ్వబోతే పొలమారింది. నేను వీపు రాసి మళ్ళీ పెన్ను పట్టుకునేదాకా ఆగి, తర్వాతవి చెప్పింది. రెండు, నీళ్ళు. మూడు, తల ఎత్తండి. నాలుగు, పక్కకి తిప్పండి. ఐదు, నొప్పి. ఆరు, ఫ్యాను ఆపండి. రెప్పలు సరిగా పడక, ఫ్యాను గాలికి ఆమె కళ్ళు ఎండిపోయి మండేవి. అలా పన్నెండూ రాయించింది.

వాళ్ళ అక్క, నాకు వదిన, అప్పటికే మా ఇంటికి వచ్చేసింది. చెల్లెలి మీద ప్రేమతో ఆమె ఒక్కచోట నిలబడలేకపోయేది. “పాలు కావాలా? దుప్పటి కప్పనా? మందు టైమైందా?” అని ఊపిరాడకుండా అడిగేది. జవాబు వచ్చేలోపే మూడు పనులూ చేసేసేది.

జాబితా పూర్తయ్యాక నా భార్య మా ఇద్దరినీ చూసి చెప్పింది. నేను వదినకు విడమరిచి చెప్పాను.

“ఇక నుంచి నేను నొక్కిందే చెయ్యండి. నొక్కనిది చెయ్యొద్దు. మీ ఊహలతో చంపకండి నన్ను.”

“చూశావా మరిదీ, సేవ చేస్తే దెబ్బలు,” అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మాటను నేను ఇంటికి చట్టంగా పెట్టాను. ఆమె వేలికి ఉన్న అధికారం మన ఊహకు లేదని వదినకు చాలాసార్లు చెప్పాను. మాట పోయిన నెలలోపే ఆమెకు మిగతా వేళ్ళు కూడా కదలడం మానేశాయి.

ఆ ప్రోగ్రాంకు ప్రాణం, ఏ పనీ చెయ్యని ఒక లూపు. గడి వెలిగాక, ఒకటి నుంచి ఎనిమిది వందల దాకా ఊరికే లెక్కపెట్టుకోమని యంత్రానికి చెప్పాను.

FOR T = 1 TO 800: NEXT T

అంతే. ఆ లెక్క సాగినంతసేపూ గడి వెలిగి ఉంటుంది. ఆమె నొక్కాల్సింది ఆ లోపే. మొదట ఎనిమిది వందలు సరిపోయింది. రెండు వారాలకు పన్నెండు వందలు చేశాను. ఎండలు ముదిరేసరికి రెండు వేలైంది. డాక్టరు రాసిచ్చే కాగితాల కంటే ఆ అంకే నాకు జబ్బు సంగతి బాగా చెప్పేది. దాన్ని మార్చినప్పుడల్లా ఆమెకు చెప్పేవాణ్ణి కాదు. ఆమెకూ తెలుసు, అడగలేదు.

ఎండలకు ఒకరోజు ఆ యంత్రం కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. బాగుచేసేవాడు చూసి, “దీన్ని మ్యూజియంలో పెట్టండి మాస్టారూ” అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగి స్కూల్ ల్యాబులోంచి ఒక యంత్రం ఇంటికి తెచ్చాను. దానిలోనూ బేసిక్కే, కానీ యాస వేరు. రెండు ఊళ్ళవాళ్ళు ఒకే భాష మాట్లాడినట్టు, ముక్కలన్నీ తెలిసినవే, తీరు తెలియదు. నా ప్రోగ్రాం ఉన్నదున్నట్టు కొట్టి నడిపితే పన్నెండు గడులూ గుప్పెడు గింజలు చల్లినట్టు ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. కొత్త యంత్రం రెండు వేలు లెక్కపెట్టడానికి రెప్పపాటు కూడా తీసుకోలేదు. ఆమె గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. వదిన కంగారుపడింది. నాకు తెలుసు, అది నవ్వు. రెండు వేలను ముప్ఫై వేలు చేశాను. పని జరిగింది.

మూడు వారాల తర్వాత ఆ యంత్రం కూడా వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. సిలబస్ మారింది. బేసిక్ తీసేసి సి భాష పెట్టారు. పాత యంత్రాలన్నీ ఒకే లారీలో ఎక్కించుకుపోయారు. కొత్తవి వచ్చాయి. వాటిలో బేసిక్ లేదు. వాటితోపాటే ఒక ఉత్తరం కూడా వచ్చింది. వేసవి సెలవుల్లో టీచర్లకూ ఆఫీసు సిబ్బందికీ సి భాష నేర్పించాలి, నేర్పించాల్సింది నేను. నాకు రాదు. ముందురోజు ఒక పాఠం చదువుకుని మర్నాడు అదే చెప్పేవాణ్ణి. క్లాసు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. దానికి బదులుగా హెడ్‌మిస్ట్రెస్ కొత్త యంత్రం ఒకటి ఇంటికి తీసుకుపోనిచ్చింది.

ప్రోగ్రాంను సి లోకి మార్చాను. ఒకరోజంతా పట్టింది. ఆ రోజు ఆమెకు మాట లేదు. వదిన మంచం పక్కనే కూర్చుని ఒకటికి పదిసార్లు నీళ్ళతో పెదాలు తడిపింది. నడిపి చూస్తే గడులు మళ్ళీ ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. ముప్ఫై వేలను ముప్ఫై లక్షలు చేశాను. అంతే. కోటి చేశాను. అంతే. తల పట్టుకుని పుస్తకం తిరగేస్తే, చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది. రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చే కంపైలరు, ఏ ఫలితమూ ఇవ్వని పనిని అనవసరమనుకుని తీసేస్తుందట. నా ఖాళీ లూపును అది చదివింది, ఇందులో ఏమీ జరగడం లేదనుకుంది, కొట్టేసింది.

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తర్వాత గడియారం చూసి ఆగేట్టు ఆ భాగం తిరిగి రాశాను. గడికి నాలుగు సెకన్లు. ఈసారి గడులు నింపాదిగా నడిచాయి. బటన్ నేనే నొక్కి చూశాను. ముందు గదిలో ప్రింటరు మోగింది. “మోగింది మరిదీ!” అని వదిన అరిచింది. మోగిందా లేదా అన్నదే నేను చూశాను. ఏం కొట్టిందో చూడలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు గడిచాయి.

మొదటిరోజు సాయంత్రం ప్రింటరు ఒకటి అని కొట్టింది. నాకు సంతోషమేసింది. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, స్కూల్ సంగతులన్నీ చెప్పాను. హెడ్‌మిస్ట్రెస్ కొత్త కళ్ళజోడు గురించి, లారీ ఎక్కిన పాత యంత్రాల గురించి చెప్పాను. ఆమె కళ్ళు నా మీద నిలవలేదు. నా భుజం మీదుగా బల్ల వైపు పోతున్నాయి. అలసట అనుకున్నాను. బల్ల మీద నీళ్ళ గ్లాసు ఉంది.

వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. “దానికి దాహంగా ఉన్నట్టుంది మరిదీ.”

“కాగితం మీద ఒకటి ఉంది వదినా. కూర్చోమంది.”

“కాగితం సరే. మొహం చూడవయ్యా.”

“మనం ఊహించకూడదని తనే కదా చెప్పింది.”

నేను లేచాక తను చెంచాతో నీళ్ళు పోసిందని వదిన చాలా రోజుల తర్వాత చెప్పింది. దొంగతనం చేసినట్టు పోశానంది.

రెండో రోజు నుంచి సున్నాలు రావడం మొదలైంది. ప్రింటరు మోగుతుంది. వెళ్ళి చూస్తే సున్నా.

“సున్నా అంటే ఏంటి? జాబితాలో లేదే,” అంది వదిన.

“లెక్క మొదలవకముందే నొక్కేసి ఉంటుంది. ఏమీ కాదు.”

ఏమీ కాదని ఎంత తేలిగ్గా అన్నానో. సున్నా అంటే ఏమీ లేకపోవడమని ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి. ఒక్కోసారి వరసగా నాలుగైదు వచ్చేవి. ప్రింటరు చప్పుడుకు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన వదిన, “మళ్ళీ సున్నానే” అని తిరిగి వెళ్ళిపోయేది. నేను నా బల్ల దగ్గర నుంచి లేవడం కూడా మానేశాను.

ఐదు కూడా ఎక్కువగానే వచ్చేది. ఐదంటే నొప్పి. డాక్టరు ఇచ్చిన మందు తాగితే నొప్పి తగ్గుతుంది, మగతగా నిద్ర పట్టేస్తుంది. ఐదు వచ్చినప్పుడల్లా వదిన మందు పోసేది. ఫ్యాను నెత్తి మీద గిర్రున తిరుగుతూనే ఉండేది. అంతకుముందు కళ్ళతో అవును, కాదు చెప్పే అలవాటు ఆమెకు ఉండేది. ఆ మగతలో రెప్ప వాలితే అది జవాబో, నిద్రో తెలియకుండా పోయింది.

ఆరో రోజున నేనే ఒక పరీక్ష పెట్టాను. మంచం పక్కన నిలబడి, “నీళ్ళ గడి నొక్కు చూద్దాం” అన్నాను. ముందు గదిలోంచి వదిన “ఒకటి!” అని అరిచింది. “ఇప్పుడు తల ఎత్తమను.” “రెండు!” అంది వదిన.

ఒకటి తక్కువ వస్తోందని నేను గమనించకపోలేదు. గమనించాను. నేనే గమనించాను కాబట్టి కారణం కూడా నేనే చెప్పుకున్నాను. ఆమె ముందుగా నొక్కేస్తోంది. ఒక గడి ముందే తొందరపడుతోంది. సున్నాలకు కూడా కారణం అదే. అంతా చక్కగా కుదిరింది. తప్పు లెక్క కూడా ఒక్కోసారి చక్కగా కుదురుతుందని పిల్లల నోటుపుస్తకాల్లో వేలసార్లు చూశాను.

“తొందరపడకు,” అన్నాను ఆమెతో. “గడి వెలిగాక ఒక్క క్షణం ఆగి నొక్కు. వెలగకముందే నొక్కితే యంత్రానికి ఎలా తెలుస్తుంది? నెమ్మదిగా. సరేనా?”

ఏడో తరగతి పిల్లలతో మాట్లాడే గొంతు అది. ఆమె నన్ను చూసింది. అంతసేపు నన్ను చూడటం ఆ వారంలో అదే మొదటిసారి. నేను నాలుగు సెకన్లను ఏడు చేశాను. ఒక చుట్టు తిరిగి రావడానికి ఇప్పుడు నిమిషంన్నర పట్టేది. ఆమె చూపు వెలిగే గడి వెంట నెమ్మదిగా పోతుండేది. అయినా అంకెలు మారలేదు. ఎనిమిదో రోజుకు నొక్కడం తగ్గింది. తొమ్మిదో రోజు, మంగళవారం, రెండే రెండుసార్లు నొక్కింది. రెండూ సున్నాలే.

ఆ సాయంత్రం డాక్టరు వచ్చాడు. ఆయన కూడా “ఏడో గడి నొక్కమ్మా” అన్నాడు. కాగితం మీద ఆరు వచ్చింది. ఇంకోసారి అడిగాడు. మళ్ళీ ఆరు. మూడోసారి ఆమె నొక్కలేదు. కళ్ళు మూసుకుంది.

ఆయన నన్ను ముందు గదిలోకి తీసుకొచ్చాడు. తలుపు వెయ్యలేదు. వేద్దామని నాకూ తోచలేదు.

“ఈ జబ్బులో కొంతమందికి ఆలోచన కూడా దెబ్బతింటుంది మాస్టారూ. అందరికీ కాదు. ఈమెకు అలా జరుగుతున్నట్టుంది.”

“తనకి మేమంటున్నది తెలుస్తోందా?”

“కొంత తెలుస్తుండొచ్చు. కానీ ఏం కావాలో చెప్పే స్థితి దాటిపోయింది. ఇంక ఇంట్లో ఉంచి మీరు చేసేది లేదు. వార్డులో పెడదాం. మందు ఎక్కువ చేసి, బాధ తెలియకుండా నిద్రలోనే ఉంచుతాం.”

“నిద్రలోంచి లేపరా?”

“లేపి ఏం చేస్తాం?” ఆయన గొంతు మెత్తగానే ఉంది. “శనివారం బండి పంపిస్తాను. ఈలోపు మీరూ ఆలోచించుకోండి.”

ఆలోచించడానికి నా దగ్గర ఏమీ లేదు. సరేనన్నాను. ఆమె మంచం నుంచి నేను నిలబడిన చోటికి ఏడడుగులు ఉంటాయి. తర్వాత కొలిచాను.

బుధవారం సాయంత్రం వదిన వార్డుకు పట్టుకెళ్ళాల్సిన బట్టలు మడతపెడుతూ అడిగింది. “నీకు నిజంగా అనిపిస్తోందా మరిదీ, దానికి బుర్ర పోయిందని?”

“నాకేమనిపిస్తే ఏం వదినా. అంకెలు కనబడుతున్నాయి కదా.”

“నీ అంకెలు తగలడ,” అంది.

గురువారం క్లాసులో పాఠం, లూపులు. వారం రోజులుగా తయారుచేసుకున్న పట్టికను బోర్డు మీద వేశాను. ఒకే పని, మూడు చోట్ల. ఎడమవైపు టీవీకి తగిలించే పాత యంత్రం బేసిక్, మధ్యలో స్కూల్ యంత్రం బేసిక్, కుడివైపు సి. కుదరని లెక్క ఇచ్చి, ఐదు నుంచి ఒకటి దాకా పైకి లెక్కపెట్టమంటే పాత యంత్రం ఒక్కసారైనా తిరిగి అప్పుడు ఆగుతుంది. వెళ్ళాక చూసుకునే రకం. మిగతా రెండూ గుమ్మంలోనే చూసి ఆగిపోతాయి. అది చెబితే అందరూ రాసుకున్నారు. తర్వాత పదిసార్లు తిరిగే లూపు రాశాను.

FOR I = 1 TO 10

for (i = 0; i < 10; i++)

కింద ఒక వరసలో ఒకటి నుంచి పది దాకా, ఇంకో వరసలో సున్నా నుంచి తొమ్మిది దాకా వేశాను.

“ఇటు పదిసార్లు, అటు పదిసార్లు. రెండూ ఒకటే,” అన్నాను.

ముందు వరసలో విద్యాశాఖ ఆఫీసు టైపిస్టు కూర్చునేది. రిటైరవడానికి రెండేళ్ళున్న మనిషి. వేళ్ళు టేబులు మీద ఊరికే ఉండవు, ఎప్పుడూ ఏదో కొడుతున్నట్టే ఆడుతుంటాయి.

“ఒకటే ఎలా అవుతాయి మాస్టారూ?” అంది.

“తిరిగే లెక్క ఒకటేనమ్మా. పేర్లే తేడా.”

“పేర్లేనండీ కొంప ముంచేది. మొదటి ఫైలు మీద నేను సున్నా అని కొట్టి పంపాననుకోండి. మా ఆఫీసరు అందులో ఏమీ లేదనుకుని అవతల పడేస్తాడు. రెండో ఫైలు మీద ఒకటని ఉంటే అదే మొదటిదనుకుని సంతకం పెట్టేస్తాడు. చివరికి తిట్లు ఎవరికి? ఈ పిచ్చిదానికి లెక్క రాదు, దీన్ని ఇంటికి పంపండి అంటారు. లెక్కపెట్టినవాణ్ణి ఎవరూ అడగరు.”

క్లాసంతా నవ్వింది.

నేను బోర్డు వైపే చూస్తున్నాను. సున్నా కింద సుద్దముక్కతో చిన్న గీత గీశాను. ఎందుకు గీశానో తెలియదు. తర్వాత ఆ గీత కింద ఒకటి అని రాశాను. సున్నా పక్కన ఉన్న ఒకటి కింద రెండు అని రాశాను. ఐదు దాకా వెళ్ళి ఆగాను. ఐదు కింద ఆరు.

“మాస్టారూ, కోపమొచ్చిందా?” అంది టైపిస్టు.

“లేదమ్మా,” అన్నాను. “మీరు చెప్పింది నిజం.”

సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. స్కూల్ నుంచి మా ఇంటికి పావుగంట నడక. గొడుగు క్లాసులోనే మర్చిపోయాను.

ప్రింటరు కాగితం విడివిడి ముక్కలుగా రాదు. మడతలు మడతలుగా ఒకే చుట్ట. వదిన దాన్ని చించకుండా కింద అట్టపెట్టెలో పడనిచ్చింది. పదకొండు రోజుల కాగితం అలాగే ఉంది. నేల మీద కూర్చుని దాన్ని మొదటి నుంచి చదివాను. పెన్సిలు పట్టుకోలేదు. అక్కర్లేదు, ప్రతి అంకెకూ ఒకటి కలపడమే.

ఒకటి ఉన్న చోటల్లా నీళ్ళు అడిగింది. మేము కూర్చున్నాం. నాలుగు ఉన్న చోటల్లా నొప్పి అంది. మేము పక్కకి తిప్పాం. ఐదు ఉన్న చోటల్లా ఫ్యాను ఆపమంది. మందు పోసి నిద్రపుచ్చాం. ఒక్కటి కూడా తప్పుగా లేదు. పొద్దుటిపూట నీళ్ళు, మధ్యాహ్నం ఎండ పెరిగే వేళకు ఫ్యాను, సాయంత్రం ఒళ్ళు నొప్పులు. రోజు ఎలా గడవాలో అలాగే, వరస తప్పకుండా ఉంది. ఆపరేటరు పుస్తకం లాగా.

సున్నాకు ఒకటి కలిపితే, లైన్లో ఉండండి. సున్నాలు లెక్కపెట్టాను. నూట నలభై ఒకటి. మూడో రోజు మధ్యాహ్నం ఒకేచోట తొమ్మిది ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నేను ఎక్కడికీ పోలేదు. ఈ గదిలోనే ఉన్నాను, ప్రింటరు పక్క బల్ల దగ్గర, క్లాసుకు పట్టిక గీసుకుంటూ.

వదిన గుమ్మంలోకొచ్చి, “క్లాసు లేదా ఇవాళ?” అంది. నా చేతిలో కాగితం చూసి, “ఏమైంది?” అంది.

చెప్పాను. రెండు ముక్కల్లో అయిపోయింది. ఆమె గోడకున్న అట్టను చూసింది, కాగితాన్ని చూసింది, పెదవులు కదుపుతూ కొన్ని అంకెలకు ఒకటి కలుపుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి ఫ్యాను ఆపింది. తిరిగొచ్చి నా పక్కనుంచే పెరట్లోకి వెళ్ళిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

ప్రోగ్రాంలో మార్చాల్సింది ఒకే చోట. అంకెను ప్రింటరుకు పంపే ముందు దానికి ఒకటి కలిపాను. ఏడు సెకన్లను మళ్ళీ నాలుగు చేశాను. ఈసారి బటన్ నొక్కి, ముందు గదిలోకి నేనే నడిచి కాగితం చూశాను. మొదటి గడికి ఒకటి. ఆరో గడికి ఆరు. పన్నెండుకు పన్నెండు. ఒక్కొక్కటి రెండేసిసార్లు చూశాను.

తర్వాత ఆమె దగ్గరకు వెళ్ళాను. మధ్యాహ్నం మందు ఇంకా పొయ్యలేదు. కళ్ళు తేటగా ఉన్నాయి. కూర్చోవడానికి ధైర్యం చాల్లేదు, నిలబడే చెప్పాను.

“పదకొండు రోజుల నుంచి నువ్వు నొక్కింది ఒకటి, మాకు వచ్చింది ఒకటి. సి లో లెక్క సున్నా దగ్గర మొదలవుతుంది. నేను అది చూసుకోలేదు. నీ వేలు ఒక్కసారి కూడా తప్పు నొక్కలేదు. నీకు బుర్ర పోయిందని ఒప్పుకున్నాను. నువ్వు వింటుండగానే ఒప్పుకున్నాను.”

ఇంకేదో చెప్పాలనుకున్నాను. అది క్షమించమని అడగడమే అవుతుందని తెలిసి ఆగిపోయాను. ఇవ్వడానికి ఆమె దగ్గర ఒక వేలే ఉంది.

“ఇప్పుడు సరిచేశాను,” అన్నాను. బటన్‌ను బొటనవేలి కింద సరిగా పెట్టి, ప్రోగ్రాం నడిపించాను.

మొదటి గడి వెలిగింది. నాలుగు సెకన్లు ఆమె దాన్ని చూసింది. నొక్కలేదు. రెండోది వెలిగింది. నీళ్ళైనా అడుగుతుందనుకున్నాను. మూడు, నాలుగు, ఐదు. ఆమె చూపు గడితోపాటు జరుగుతోంది. చుట్టు మొత్తం తిరిగింది. మళ్ళీ మొదటి గడి. ఇక ఈ యంత్రాన్ని నమ్మదేమో అనుకున్నాను. లేక వేలు కూడా పోయిందా అనుకున్నాను. ఆ రెండింటిలో ఏది నయమో తేల్చుకోలేకపోయాను.

రెండో చుట్టు సగం దాటాక ముందు గదిలో ప్రింటరు మోగింది.

వెళ్ళి చూశాను. తొమ్మిది. గోడ మీది అట్ట చూశాను. రాసినప్పుడు ఇది ఎవరి కోసమో అడగలేదు. అది అవసరం పడే రోజు వస్తుందని అప్పుడు అనుకోలేదు.

తొమ్మిది, బయటికి వెళ్ళండి.

నేను ప్రోగ్రాం మళ్ళీ చదివాను. నిజంగా చదివాను, ప్రతి వాక్యం, వేలు పెట్టి. ఎక్కడో ఇంకొక తప్పు ఉండాలి. ఎనిమిది అయి ఉండాలి, పది అయి ఉండాలి. ఎనిమిది, కిటికీ తెరవండి. పది, రేడియో. ఆ రెండింటిలో ఏదైనా సంతోషంగా చేసేవాణ్ణి. తప్పు దొరకలేదు. లోపలికెళ్ళి ఆమె వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. గడులను చూస్తోంది. ఏడు, ఎనిమిది. తొమ్మిది వెలగ్గానే బొటనవేలు కదలడం ఈసారి నా కళ్ళతో చూశాను. అంత బలంగా కదలడం నెల రోజుల్లో చూడలేదు.

ముందు గదిలో ప్రింటరు మోగింది. ఈసారి వెళ్ళి చూడాల్సిన పని లేదు.

బయటికి వచ్చేశాను.

వదిన పెరటి మెట్ల మీద కూర్చుని, వార్డు కోసం మడతపెట్టిన బట్టలను సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంటోంది. నేను పక్క మెట్టు మీద కూర్చున్నాను.

“ఏమడిగింది?”

“బయటికి పొమ్మంది.”

“ఎవర్ని?”

“నన్నే. లోపల ఇంకెవరున్నారు?”

“సరిగ్గా చూశావా?”

“రెండుసార్లు నొక్కింది వదినా.”

వదిన చేతిలో తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. మూతి బిగించింది, నవ్వు ఆగలేదు.

“అయితే దాని బుర్ర నిక్షేపంగా ఉంది,” అంది.

నేను చెప్పులు వేసుకున్నాను. శనివారం బండి పంపొద్దని చెప్పడానికి డాక్టరు ఇంటికి బయల్దేరాను.